కార్డు రీడర్ల డైరీ: 16 గంటలని చెప్పి 34 గంటలు చేసిన పని

మాదాపూర్‌లో ఒక ఆఫీసు. మూడు అంతస్తులు, 9 ప్రింటర్లు, 212 మంది ఉద్యోగులు. ఎవరు ప్రింట్ ఇచ్చినా అది సర్వర్‌లో ఆగి ఉండాలి. మెషిన్ దగ్గరికి వెళ్లి ఐడీ కార్డు ఆనిస్తేనే కాగితం బయటికి రావాలి. 7 మెషిన్లకు కొత్త రీడర్లు బిగించాలి. మిగతా రెండింటికి ఇంతకుముందు ఎవరో పెట్టిన రీడర్లున్నాయి, పనిచేయడం లేదు, వాటిని బాగుచేయాలి. రీడర్లు ఆఫీసువాళ్లే కొన్నారు. పని, చిల్లర సామాను నావి. 16 గంటల్లో అయిపోతుందని నోరు జారాను.

ఇదే పని మీద పడినవాళ్లకు పనికొస్తుందని రాసి పెడుతున్నాను. సాఫీగా జరిగిన పనులు ఇందులో పెద్దగా ఉండవు.

దశ 1: అసలు ఏ కార్డులున్నాయి?

"మా దగ్గర రెండు రకాలండీ. దళసరివి పాతవి, పల్చటివి కొత్తవి" అన్నారు హెచ్‌ఆర్ మేడం. నేనూ అలాగే రాసుకున్నాను. మొదటి తప్పు అదే.

ఐడీ కార్డుల్లో ఎక్కువగా కనబడేవి రెండు తరహాలు. ఒకటి 125 కిలోహెర్ట్జ్ రేడియో తరంగంతో మాట్లాడేది. అది దగ్గరికి రాగానే తన నంబరు చెప్పేస్తుంది, ఇంకేమీ తెలియదు. రెండోది 13.56 మెగాహెర్ట్జ్‌ది. మైఫేర్ అనే రకం కార్డులు ఈ తరహావే. ఒకదానికోసం చేసిన రీడర్‌కు రెండోది కనబడదు. పైనుంచి చూస్తే రెండూ ఒకేలాంటి ప్లాస్టిక్ ముక్కలు.

తేడా పట్టడానికి మెషినేమీ అక్కర్లేదు.

1. ఎన్‌ఎఫ్‌సీ (ఆనిస్తే చదివే సౌకర్యం) ఉన్న ఫోన్ వెనక కార్డు ఆనించండి. ఫోన్ స్పందిస్తే 13.56. ఉలుకూ పలుకూ లేకపోతే చాలావరకు 125.
2. పల్చటి కార్డయితే వెనకనుంచి టార్చి వేయండి. లోపల చేతి గాజులా గుండ్రటి రాగి చుట్ట కనబడితే 125. అంచు వెంబడి నాలుగైదు సన్నటి గీతలు చతురస్రంగా తిరిగితే సాధారణంగా 13.56.
3. అనుమానం మిగిలితే రెండు తరహాలూ చదివే రీడర్‌తో చూడండి.

ఇలా కూర్చుని లెక్కపెడితే దళసరివి 41, అన్నీ 125వే. పల్చటి 171లో మాత్రం 23 కూడా 125వే తేలాయి! మొత్తం 125వి 64, 13.56వి 148. వాళ్లు కొన్న రీడర్లు రెండూ చదివేవి కాబట్టి బతికిపోయాను. లేకపోతే ఏడు రీడర్లూ వెనక్కి పంపాల్సి వచ్చేది. రీడర్లకు ఆర్డర్ పెట్టకముందే ఈ టార్చి పరీక్ష చేయించండి.

ఇప్పటివరకు: 3 గంటలు, 0 రూపాయలు, పనిచేస్తున్న రీడర్లు 9లో 0.

దశ 2: ఒకే కార్డుకు నాలుగు నంబర్లు

డైరీలో ఎక్కువ పేజీలు ఈ దశకే పోయాయి. 9 గంటలు పట్టింది, స్క్రూడ్రైవర్ ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

ఇలాంటి రీడర్లు చాలావరకు కంప్యూటర్‌కు కీబోర్డులా కనబడతాయి. నోట్‌ప్యాడ్ తెరిచి కార్డు ఆనిస్తే నంబరు దానంతటదే టైపవుతుంది. ఆఫీసులో ఇదే కార్డుతో తెరుచుకునే తలుపుల సిస్టం నుంచి తీసిన ఎక్సెల్ షీటు ఉంది. పేరు, కార్డు నంబరు. దాన్ని ప్రింట్ సర్వర్‌లోకి ఎక్కించేస్తే పని అయిపోయినట్టేనని నా లెక్క.

ఒక దళసరి కార్డు తీసుకున్నాను. దాని మీద అచ్చేసిన నంబరు 0007654321. పక్కనే చిన్న అక్షరాల్లో 116,52145. షీటులో ఉన్నది రెండోది. రీడర్ పంపింది ఈ రెండూ కాదు, హెక్స్‌లో (0-9 అంకెలు, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలతో నంబరు రాసే పద్ధతి) పది అక్షరాలు. పైగా అకౌంట్స్‌వాళ్ల ల్యాప్‌టాప్‌లో ఆనిస్తే నోట్‌ప్యాడ్‌లో పడింది చూడండి:

290074మవవ1

ఐదు నిమిషాలు తల పట్టుకున్నాను. ఆ ల్యాప్‌టాప్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఆన్‌లో ఉంది. రీడర్ 'సీ' నొక్కితే మ, 'బీ' నొక్కితే వ పడుతోంది. రీడర్‌లో ఏ లోపమూ లేదు, కీబోర్డు తెలుగులో ఉంది, అంతే.

లెక్క విడిపోయిన తీరు ఇది. ఈ కార్డులో ఉన్నవి 40 బిట్లు (బిట్ అంటే ఒక 0 లేదా 1). రీడర్ మొత్తం పంపుతోంది. కార్డు మీద అచ్చేసింది చివరి 32 బిట్ల దశాంశం, అంటే మామూలు పదుల లెక్కలో రాసిన సంఖ్య. కామా ఉన్న నంబరు చివరి 24 బిట్లను రెండు ముక్కలు చేసి రాసింది: ముందు 8 బిట్లు, తర్వాత 16.

116 × 65536 + 52145 = 7654321

కామా ముందున్న దాన్ని 65536తో గుణించి, వెనకున్న దాన్ని కలపాలి. షీటులో ఈ సూత్రం పెట్టి, రీడర్ సెట్టింగుల్లో ఈ తరహా కార్డులకు చివరి 24 బిట్లే దశాంశంలో పంపమని పెట్టాను. దశాంశంలో అక్షరాలుండవు కాబట్టి కీబోర్డు ఏ భాషలో ఉన్నా గొడవ లేదు. 125 తరహా 64 కార్డుల్లో 61 సరిపోయాయి. మూడింటికి షీటులో వేరే నంబర్లున్నాయి. కార్డు పోగొట్టుకుని కొత్తది తీసుకున్నవాళ్లవి, షీటులో మార్చలేదు.

ఇక 13.56 కార్డులు. ఒక కార్డు ఆనిస్తే రీడర్ 654741843 అంది. అదే మనిషి పేరు ఎదురుగా షీటులో 006,37203 ఉంది. పై సూత్రం వేస్తే 430419 వస్తుంది. పోలికే లేదు.

రీడర్ నంబరును హెక్స్‌లో రాస్తే 27 06 91 53, నాలుగు బైట్లు (బైటు అంటే 8 బిట్లు). షీటు నంబరు హెక్స్‌లో 06 91 53. అంటే తలుపు రీడర్ మొదటి బైటు వదిలేసి మిగతా మూడే పంపుతోంది. తలుపు రీడర్లు కంట్రోలర్‌కు చెప్పే పాత పద్ధతి వీగాండ్ 26 బిట్లది. అందులో రెండు బిట్లు నంబరు తప్పుగా అందిందేమో చూసుకోవడానికి పోతాయి, నంబరుకు మిగిలేది 24. ఐదు శేర్ల బియ్యం నాలుగు శేర్ల సంచిలో పోస్తే ఏమవుతుందో అదే ఇక్కడా అయింది. తలుపులకు దాంతో పని నడిచిపోతోంది, ఎవరికీ తెలియలేదు.

ప్రింటర్ రీడర్లను కూడా 24 బిట్లకు కుదిస్తే షీటుతో కలిసిపోయేవి. ఒక పూట అదే చేద్దామనుకున్నాను కూడా. మానేశాను. మొదటి బైటు ఒక్కటే తేడా ఉన్న రెండు కార్డులు వస్తే ఒకరి జీతం స్లిప్పు ఇంకొకరి చేతిలో పడుతుంది. 24 బిట్లలో కోటీ 67 లక్షల నంబర్లున్నాయి, 148 కార్డుల మధ్య అలా జరగడం అరుదే. అయినా ఉన్న బిట్లను చేతులారా పారేయడం నాకు నచ్చలేదు.

షీటును ఎక్సెల్‌లో సరిచేసే ప్రయత్నంలో ఇంకో రెండు దెబ్బలు తగిలాయి.

ఒకటి: హెక్స్‌లో 40125ఈ38 అనే నంబరున్న కార్డును ఎక్సెల్ 4.01ఈ+42 చేసేసింది. మధ్యలో 'ఈ' ఉండి మిగతావి అంకెలైతే అది పెద్ద సంఖ్యను కుదించి రాసిన పద్ధతి అనుకుంటుంది. ఒకసారి సేవ్ చేశాక అసలు నంబరు మళ్లీ రాదు.

రెండు: 148లో 12 కార్డులకు నంబరు నాలుగు బైట్లు కాదు, ఏడు. 04తో మొదలవుతాయి. దశాంశంలో రాస్తే 16 అంకెలు. ఎక్సెల్ 15 అంకెలే గుర్తుంచుకుంటుంది, పదహారోది సున్నా అయిపోతుంది.

నంబర్ల కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చి, ఆ తర్వాతే డేటా పెట్టాలి. తర్వాత మార్చితే లాభం లేదు.

చివరికి 13.56 కార్డులకు షీటు ఆలోచనే వదిలేశాం. ప్రతి ఒక్కరికీ ఈమెయిల్‌లో 6 అంకెల పిన్ వెళ్లింది. తెలియని కార్డు ఆనిస్తే మెషిన్ యూజర్ నేమ్, పిన్ అడుగుతుంది. ఒక్కసారి కొడితే ఆ కార్డు ఆ మనిషికి ముడిపడుతుంది. మొదటి రోజే ఈ దారి పట్టి ఉంటే ఆరు గంటలు మిగిలేవి.

ఇప్పటివరకు: 12 గంటలు, 0 రూపాయలు, రీడర్లు 9లో 0.

దశ 3: ఇనుప రేకు మీద యాంటెన్నా

బల్లమీద బాగా చదివిన రీడర్‌ను మెషిన్ పక్క రేకు మీద టేపుతో అతికిస్తే, కార్డు రీడర్‌కు దాదాపు తగిలితేనే చదివింది. లోహం దగ్గరుంటే యాంటెన్నా శ్రుతి తప్పుతుంది. పైగా దాని అయస్కాంత క్షేత్రం రేకులో కరెంటు పుట్టించి అక్కడే ఖర్చయిపోతుంది.

ఎంత దూరంనుంచి చదువుతోందో కొలుద్దామని బ్యాగులోంచి స్టీలు స్కేలు తీశాను. బల్లమీద 125 కార్డు 44 మిల్లీమీటర్లు. సాయంగా వచ్చిన తమ్ముడు "అన్నా, స్కేలు కూడా ఇనుమే కదా" అన్నాడు. నిజమే! కింద పుస్తకాల షాపులో 10 రూపాయల ప్లాస్టిక్ స్కేలు కొని మళ్లీ కొలిస్తే 58. అందుకే మొదటి కొలతలన్నీ కొట్టేశాను. ప్లాస్టిక్ స్కేలుతో వచ్చినవి ఇవి, ఒక్కోటి ఐదుసార్లు కొలిచి మధ్యది రాసుకున్నాను:

చెక్క బల్ల మీద: 125 కార్డు 58 మి.మీ., 13.56 కార్డు 41.
ఇనుప రేకు మీద నేరుగా: 9, 6.
మధ్యలో 5 మి.మీ. యాక్రిలిక్ (గట్టి ప్లాస్టిక్) ముక్క: 27, 22.
మధ్యలో 10 మి.మీ. యాక్రిలిక్: 39, 31.

మెడలో తాడు, తాడుకు ప్లాస్టిక్ కవరు, కవరులో కార్డు. అంటే కార్డు ముఖం రీడర్‌కు 3-4 మి.మీ. దూరంలోనే ఆగిపోతుంది. 6 మి.మీ. మీద నమ్మకం పెట్టుకోలేం. 10 మి.మీ. యాక్రిలిక్ ఖాయం చేశాను. టచ్ స్క్రీన్ పక్కన ప్లాస్టిక్ భాగం ఉన్న 4 మెషిన్లలో అక్కడే పెట్టాను, వాటికి ముక్క అక్కర్లేదు.

బిగించే వరస:

1. టేపు వేసే ముందు రీడర్‌ను చేత్తో పట్టుకుని, ఆ చోటే 10 సార్లు కార్డు ఆనించి చూడండి.
2. పేపరు ట్రే, పక్క తలుపు, స్కానర్ మూత అన్నీ తెరిచి మూయండి. ఒక మెషిన్‌లో స్కానర్ మూత తెరిస్తే రీడర్‌కు తగిలింది.
3. రేకును స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి.
4. ఫోమ్ టేపు వేసి అర నిమిషం గట్టిగా నొక్కండి. వైరును ఆ రోజు లాగొద్దు.
5. వైరును రీడర్ దగ్గర ఒకటి, మలుపు దగ్గర ఒకటి క్లిప్పుతో కట్టండి.

మూడో అంతస్తులో ఒకటి మరునాటికి ఊడి వైరుకు వేలాడుతోంది. నేను పెట్టిన చోట లోపల వేడి గాలి బయటికొచ్చే జాలీ ఉంది. పగలంతా టేపు వెచ్చబడి జారింది. 20 సెంటీమీటర్లు ముందుకు జరిపాను, తర్వాత ఊడలేదు.

ఖర్చు: స్కేలు 10, యాక్రిలిక్ 240, టేపు 450.

ఇప్పటివరకు: 19 గంటలు, 700 రూపాయలు, రీడర్లు 9లో 7.

దశ 4: పొద్దున్నే మొదటి మనిషికి పనిచేయదు

బిగించిన మరునాడు ఉదయం 9:10కి ఫోన్. "మూడు రీడర్లు చచ్చిపోయాయి సార్." నేను వెళ్లేసరికి మూడూ నిక్షేపంగా పనిచేస్తున్నాయి. ఆ మరునాడూ ఇదే కథ. మూడో రోజు 8:30కే వెళ్లి మెషిన్ల ముందు కాపలా కూర్చున్నాను.

రాత్రంతా మెషిన్ నిద్రలో ఉంటుంది. నిద్రలోకి పోతూ యూఎస్‌బీ పోర్టుకు కరెంటు ఆపేస్తోంది. రీడర్ లైటు ఆరిపోతుంది. ఎవరో స్క్రీన్ ముట్టుకుంటే మెషిన్ లేస్తుంది, రీడర్ లేస్తుంది, నేను వచ్చేసరికి అంతా మామూలే. సెట్టింగుల్లో నిద్రలో కూడా యూఎస్‌బీకి పవర్ ఇవ్వమనే ఎంపిక ఉంది. అది అడ్మిన్ పాస్‌వర్డ్‌తో లోపలికి వెళితేనే కనబడుతుంది. రెండు మెషిన్లు దాంతో సరిపోయాయి.

మూడోది పగలు కూడా అప్పుడప్పుడు చదవడం మానేస్తోంది. దానికి నేను 3 మీటర్ల ఎక్స్‌టెన్షన్ వైరు వేశాను, బ్యాగులో ఉన్న చౌకది. యూఎస్‌బీ మీటరు పెట్టి చూశాను:

మెషిన్ పోర్టు దగ్గర: 4.98 వోల్టులు.
వైరు చివర, రీడర్ ఖాళీగా ఉన్నప్పుడు: 4.62.
వైరు చివర, కార్డు చదువుతున్నప్పుడు: 4.31.

యూఎస్‌బీ 2.0లో తక్కువ కరెంటు తీసుకునే పరికరానికి కూడా 4.40 వోల్టులు అందాలి. లోపల సన్నటి రాగి వల్ల వైరులోనే వోల్టేజి తినేస్తోంది. యూఎస్‌బీ 2.0 వైరు పొడవు 5 మీటర్లదాకా ఉండొచ్చు కదా అని వాదించేవాళ్లున్నారు. ఆ మాట మంచి వైరుకు చెప్పింది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో దళసరి 1 మీటరు వైర్లు 4 కొన్నాను, ఒక్కోటి 180. అదే చోట కార్డు చదువుతున్నప్పుడు 4.86 వచ్చింది. చౌక వైరును మధ్యకు కత్తిరించి చెత్తబుట్టలో వేశాను, మళ్లీ బ్యాగులోకి రాకుండా.

ఇప్పటివరకు: 24 గంటలు, 1,420 రూపాయలు, రీడర్లు 9లో 7.

దశ 5: పాత రీడర్లు రెండు

రెండింటికీ రోగం ఒకటే. రీడర్ డబ్బాలోంచి వైరు బయటికొచ్చే చోట తెగింది. కాగితం ఇరుక్కున్నప్పుడల్లా మెషిన్ లాగుతారు, వైరు అక్కడే మడతపడుతుంది. మల్టీమీటర్‌తో కంటిన్యుటీ (వైరు తెగకుండా ఉందా అని) చూస్తూ వైరు కదిలిస్తే బీప్ వచ్చీ పోయీ తెలిసిపోతుంది.

తెగిన చోటు కోసేసి మంచి యూఎస్‌బీ వైరు ముక్క అతికించాను. ఎరుపు 5 వోల్టులు, నలుపు గ్రౌండ్, తెలుపు, ఆకుపచ్చ డేటా. రంగుకు రంగు కలిపి టంకం పెట్టి, హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) వేసి, కంప్యూటర్‌కు పెడితే "డివైస్ గుర్తుపట్టలేకపోయాం" అంది. రీడర్ లోపల తయారీదారు వాడిన వైరులో తెలుపు, ఆకుపచ్చ తారుమారుగా ఉన్నాయి. ష్రింక్ కోసి, ఆ రెండూ మార్చి మళ్లీ చేశాను. ప్లగ్గు పిన్ను నుంచి బోర్డు దాకా మీటరు పెట్టి చూసుకోకుండా రంగును నమ్మినందుకు గంటన్నర పోయింది.

రీడర్లు రెండూ లేచాయి, బీప్ కూడా కొట్టాయి. పండగే అనుకున్నాను. సాయంత్రానికి ఫిర్యాదులు. "రెండో అంతస్తులో కార్డు ముడిపెట్టుకున్నాం, మొదటి అంతస్తులో మళ్లీ పిన్ అడుగుతోంది."

పాత రీడర్ దగ్గర అదే కార్డు ఆనిస్తే 1402013223. కొత్తవాటిలో 654741843. హెక్స్‌లో చూస్తే ఇటు 53 91 06 27, అటు 27 06 91 53. బైట్ల వరస తిరగబడింది, అంతే. ఇది 13.56 కార్డులతోనే వచ్చింది, 125 కార్డులు రెండింటిలోనూ ఒకేలా ఉన్నాయి. నేనేమో 125 కార్డుతో పరీక్షించి ఓకే రాసుకున్నాను.

పాత రీడర్లలో బైట్ల వరస తిప్పే సెట్టింగు మార్చాను. ఈలోపు పాత రీడర్ల దగ్గర ముడిపెట్టుకున్న 19 మంది కార్డులు సర్వర్‌లో రెండేసి నంబర్లతో ఉన్నాయి, ఒక్కొక్కటీ వెతికి తీసేశాను. రీడర్ ఏదైనా సరే, రెండు తరహాల కార్డులూ ఆనించి, పక్క మెషిన్‌లో వచ్చిన నంబరుతో అంకె అంకె పోల్చి చూడాలి.

ఖర్చు: హీట్ ష్రింక్ 30. వైరు నా దగ్గరిదే.

ఇప్పటివరకు: 28 గంటలు, 1,450 రూపాయలు, రీడర్లు 9లో 9.

దశ 6: మనుషుల వల్ల వచ్చినవి

తర్వాతి వారంలో 11 కాల్స్ వచ్చాయి. రీడర్ పాడై వచ్చింది ఒక్కటీ లేదు.

నాలుగు కాల్స్: లాగిన్ అయిన వెంటనే లాగౌట్ అవుతోంది. కార్డును రీడర్ మీదే ఉంచేస్తున్నారు. ఒక సెకను తర్వాత రీడర్ మళ్లీ చదువుతోంది, మెషిన్ దాన్ని 'వెళ్తున్నాను' అనుకుంటోంది. అదే కార్డును మళ్లీ చదవకుండా ఆగే సమయం 1 సెకను నుంచి 3కి పెంచాను. ఆ ఫిర్యాదు ఆగింది.

మూడు కాల్స్: ఐడీ కవరులో వెనక మెట్రో కార్డు. ఒక్కోసారి ఐడీ చదువుతుంది, ఒక్కోసారి మెట్రో కార్డు. తెలియని కార్డని మళ్లీ పిన్ అడుగుతుంది. ఒకాయన ఓపిగ్గా పిన్ కొట్టి మెట్రో కార్డునే ముడిపెట్టుకున్నాడు. పని జరుగుతోంది కదా అని వదిలేయబోయాను గానీ, ఆ కార్డు రేపు ఇంట్లో ఎవరో తీసుకెళితే? తీసేశాను.

ఇద్దరు: ఫోన్ ఆనిస్తున్నారు. నిన్న ముడిపెడితే ఇవాళ పనిచేయడం లేదంటారు. సర్వర్‌లో చూస్తే వాళ్ల పేరు మీద నంబర్లన్నీ హెక్స్‌లో 08తో మొదలవుతున్నాయి. 08 అంటే ఆ నంబరు అప్పటికప్పుడు కల్పించింది, తర్వాతిసారి మారుతుంది. ఫోన్లు కావాలనే అలా చేస్తాయి. 08తో మొదలయ్యే నాలుగు బైట్ల నంబర్లను తీసుకోవద్దని సర్వర్‌లో ఒక నిబంధన రాశాను.

ఐటీ సెక్యూరిటీ ఆయన అడిగారు: "కార్డు నంబరు ఎవరైనా కాపీ చేయొచ్చంటారు, నిజమేనా?" నిజమే అన్నాను. 125 కార్డు రహస్యమంటూ ఏమీ దాచుకోదు. మైఫేర్ క్లాసిక్‌లో తాళం ఉంది గానీ 2008లోనే దాన్ని విప్పేశారు. పైగా మన రీడర్ ఆ తాళం దాకా పోదు, నంబరు ఒక్కటే వింటుంది. హాజరు పిలిస్తే ఎవరైనా "ఎస్ సార్" అనొచ్చు కదా, అలాగ. ఆయనకు నచ్చలేదు, అయినా ఒప్పుకున్నారు. హెచ్‌ఆర్, అకౌంట్స్ మెషిన్లు రెండింటికీ కార్డుతో పాటు పిన్ పెట్టాం. మిగతా ఏడింటికి కార్డు చాలు.

చివరి రెండు కాల్స్ నాకు బాగా గుర్తున్నాయి. కార్డు ఏ రీడర్‌లోనూ చదవడం లేదు. టార్చి వేసి చూశాను. పైన తాడు కోసం పంచింగ్ మెషిన్‌తో చిల్లు కొట్టారు. అది అంచు వెంబడి తిరిగే యాంటెన్నా గీతల్ని నిలువునా తెంపింది. తలుపుల దగ్గర వేలిముద్ర కూడా పనిచేస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అదే చిల్లు ఎందరికి ఉందో చూస్తే ఇంకో ఇద్దరు దొరికారు. మొత్తం నాలుగు కార్డులు.

"చిల్లు ఎక్కడ కొట్టించారండీ?" అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు. హెచ్‌ఆర్ డెస్కు మీద పంచింగ్ మెషిన్ ఉంది, మేడమే కొట్టి ఇచ్చారట.

ఇప్పటివరకు: 34 గంటలు, 1,450 రూపాయలు, రీడర్లు 9లో 9, కార్డులు 212లో 208. నాలుగు కొత్త కార్డులకు ఇండెంట్ పెట్టారు. వాటిలో ఒకటి మేడంది.